ఒకే డిస్ట్రిక్టు, వేర్వేరు తరగతి గదులు: టెక్సస్ శివారు ప్రాంతాల ప్రభుత్వ పూర్వప్రాథమిక పాఠశాలలు – తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం: అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో డల్లస్ నగరానికి చుట్టుపక్కల ఉన్న శివారు పట్టణాలలో తెలుగు కుటుంబాలు పెద్దసంఖ్యలో స్థిరపడ్డాయి. నాలుగేళ్ల పిల్లలను ప్రభుత్వ పూర్వప్రాథమిక తరగతులలో చేర్పించే సందర్భంలో ఒకే స్కూల్ డిస్ట్రిక్టులోని పాఠశాలలను తల్లిదండ్రులు పరస్పరం పోల్చుకుంటారు. ఆ పోలికకు సాధారణంగా ఆధారమయ్యే అక్షర గ్రేడు ఈ తరగతుల గురించి చెప్పేది అత్యల్పం. పిల్లల ప్రవేశార్హత, తరగతి గదిలో జరిగే సంభాషణ, ఇంటిభాష పట్ల పాఠశాల వైఖరి అనే మూడు విషయాలు పోలికకు సరైన ఆధారాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పూర్వప్రాథమిక విద్య, స్కూల్ డిస్ట్రిక్టు, టెక్సస్, ఇంటిభాష, ప్రవాస తెలుగు కుటుంబాలు, తరగతి గది పరిశీలన.

1. ప్రవేశిక

అమెరికాలో 'స్కూల్ డిస్ట్రిక్టు' అన్న మాటకు తెలుగువారు ఎరిగిన జిల్లాతో సంబంధం లేదు. అది పాఠశాలలను నడపడానికి మాత్రమే ఏర్పడిన స్థానిక పాలనా విభాగం. దానికి ప్రజలు ఎన్నుకున్న పాలకమండలి, ఆ మండలి నియమించిన సూపరింటెండెంట్, ఆస్తిపన్ను విధించే అధికారం ఉంటాయి. దాని ఎల్లలు పట్టణాల ఎల్లలతో కలవాలన్న నియమమూ లేదు. ఫ్రిస్కో డిస్ట్రిక్టులో ప్లేనో, మెకిన్నీ పట్టణాల భాగాలు కూడా ఉండటం ఇందుకు ఉదాహరణ. ఇంటి చిరునామాను బట్టి పిల్లవాడు చదవవలసిన ప్రాథమిక పాఠశాల నిర్ణయమవుతుంది. అందువల్ల శివారు పట్టణాలలో ఇల్లు కొనడమంటే ఒక విధంగా బడిని కొనడమే.

పూర్వప్రాథమిక తరగతి విషయంలో ఈ లెక్క కొంత మారుతుంది. ప్లేనో, ఫ్రిస్కో, ఇర్వింగ్ వంటి డిస్ట్రిక్టులు చిన్నపిల్లల కోసమే ప్రత్యేక పాఠశాలలను నెలకొల్పాయి. మరికొన్ని చోట్ల ప్రాథమిక పాఠశాలలలోనే ఒకటి రెండు గదులను ఈ తరగతికి కేటాయిస్తారు. మొదటి పద్ధతిలో భవనమంతా మూడు నాలుగేళ్ల పిల్లల కొలతలకు అనుగుణంగా ఉంటుంది. అక్కడి ప్రధానోపాధ్యాయులకు చిన్నపిల్లల విద్యే ప్రధాన వ్యాపకం. అయితే ఏడాది రెండేళ్లు తిరిగేసరికి పిల్లవాడు మరో బడికి మారక తప్పదు. రెండవ పద్ధతిలో ఆ మార్పు ఉండదు, అక్కాతమ్ముళ్లు ఒకే బడికి వెళ్లగలుగుతారు. కాని పరీక్షల ఒత్తిడిలో ఉన్న ప్రాథమిక పాఠశాలలో నాలుగేళ్ల పిల్లల గది పట్ల పర్యవేక్షణ తగ్గే అవకాశం ఉంది. ఈ రెండింటిలో ఏది మేలన్న ప్రశ్నకు భవనాన్ని చూసి సమాధానం చెప్పడం సాధ్యం కాదు.

2. ఎవరికి ప్రవేశం?

పోలికకు ముందు గమనించవలసిన విషయం ఒకటుంది. టెక్సస్‌లో ఈ తరగతి అందరికీ ఉచితం కాదు. జార్జియా 1995లోను, ఓక్లహోమా 1998లోను నాలుగేళ్ల పిల్లలందరికీ ఈ అవకాశాన్ని తెరిచాయి. టెక్సస్ మాత్రం అర్హతల పద్ధతినే కొనసాగిస్తోంది. తెలుగు రాష్ట్రాల అంగన్‌వాడీ కేంద్రాలలో 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రవేశం లభిస్తుందన్న సంగతి ఇక్కడ పోల్చదగినది. సంపన్న రాష్ట్రం గడప దగ్గర నిలిపి ప్రశ్నలు అడుగుతుంటే, అంగన్‌వాడీ అడగదు.

డిస్ట్రిక్టులో అర్హులైన నాలుగేళ్ల పిల్లలు 15 మంది గాని అంతకు మించి గాని ఉంటే ఉచిత తరగతి నడపాలని రాష్ట్ర విద్యాచట్టం నిర్దేశిస్తుంది. సెప్టెంబరు 1 నాటికి ఆ వయసు నిండి ఉండాలి. అర్హతలలో ముఖ్యమైనవి ఇవి: ఇంగ్లీషు మాట్లాడలేకపోవడం, అర్థం చేసుకోలేకపోవడం, ఉచిత లేదా రాయితీ మధ్యాహ్న భోజనానికి అర్హమైన ఆదాయం కలిగి ఉండటం, అనగా కుటుంబ ఆదాయం సమాఖ్య ప్రభుత్వ దారిద్ర్యరేఖకు 185 శాతం లోపు ఉండటం, స్థిరనివాసం లేకపోవడం, ప్రభుత్వ సంరక్షణలో పెరగడం, తల్లి లేదా తండ్రి సైన్యంలో పనిచేస్తుండటం. అర్హత లేని పిల్లలను రుసుము తీసుకుని చేర్చుకునే వెసులుబాటు కూడా డిస్ట్రిక్టులకు ఉంది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంతో జీవించే తెలుగు కుటుంబాలలో అధికభాగానికి ఆదాయపు అర్హత వర్తించదు. వారి పిల్లలకు తెరిచి ఉండే ద్వారం సాధారణంగా ఒక్కటే, అది ఇంగ్లీషు రాకపోవడం. ఇంట్లో తెలుగు మాత్రమే విని పెరిగిన చిన్నారికి ఉచిత ప్రవేశం దక్కుతుంది. బడిలో వెనుకబడుతుందేమోనన్న భయంతో తల్లిదండ్రులు ఇంట్లో ఇంగ్లీషుకు మారిన చిన్నారికి అదే ద్వారం మూసుకుపోతుంది. పిల్లల మేలు కోరి తెలుగును పక్కన పెట్టిన ఇల్లు అటు తెలుగునూ, ఇటు ఉచిత సీటునూ ఏకకాలంలో కోల్పోతుందన్నమాట.

ఈ అర్హతల వల్ల ఒకే డిస్ట్రిక్టులోని గదుల కూర్పు కూడా భిన్నంగా ఉంటుంది. ఒక బడిలో అల్పాదాయ వర్గాల స్పానిష్ పిల్లలు స్పానిష్, ఇంగ్లీషు రెండింటా బోధించే తరగతిలో కూర్చుంటారు. మరొక బడిలో తెలుగు, తమిళం, హిందీ, చైనీస్ మాట్లాడే పిల్లలు ఇంగ్లీషును రెండవ భాషగా నేర్పే తరగతిలో ఉంటారు. ఇంకొక చోట రుసుము చెల్లించే కుటుంబాల పిల్లలు ఎక్కువగా కనిపిస్తారు. ఏడాది చివర ఈ మూడు గదుల ఫలితాలను పక్కపక్కన పెట్టి ఒకదాన్ని మేలైనదనడం, వేర్వేరు ఊళ్ల నుంచి బయలుదేరిన ప్రయాణికులలో ముందుగా చేరినవాడే వేగంగా నడిచాడని తేల్చడం వంటిది.

3. అక్షర గ్రేడు దేనిని కొలుస్తుంది?

టెక్సస్ విద్యాశాఖ పాఠశాలలకు 'ఏ' నుంచి 'ఎఫ్' వరకు అక్షర గ్రేడులు ప్రకటిస్తుంది. డిస్ట్రిక్టులకు 2018లోను, విడి పాఠశాలలకు 2019లోను ఈ పద్ధతి మొదలైంది. ఇళ్ల క్రయవిక్రయాల సైట్లలో కనిపించే అంకెల రేటింగులు కూడా ప్రధానంగా పరీక్షా ఫలితాల మీద ఆధారపడినవే. రాష్ట్రస్థాయి పరీక్ష 'స్టార్' మూడవ తరగతితో ప్రారంభమవుతుంది. నాలుగేళ్ల పిల్లవాడు ఆ పరీక్ష రాయడానికి నాలుగేళ్లు పడుతుంది. కనుక ప్రాథమిక పాఠశాల గ్రేడులో పూర్వప్రాథమిక తరగతి బోధన ప్రత్యక్షంగా ప్రతిఫలించదు.

చిన్నపిల్లలకే పరిమితమైన పాఠశాలల విషయం మరింత విచిత్రమైనది. పరీక్ష జరిగే తరగతులేవీ లేని బడికి సొంత ఫలితాలు ఉండవు. అటువంటి బడిని అదే డిస్ట్రిక్టులోని మరొక పాఠశాలతో జతపరచి, ఆ పాఠశాల ఫలితాలను దీనికి ఆపాదించే పద్ధతి అమలులో ఉంది. అంటే చిన్నారుల బడి తలుపు మీద కనిపించే అక్షరం వేరే బడిలో, వేరే పిల్లలు రాసిన పరీక్షకు చెందినది. ఈ సంగతి తెలియని తల్లిదండ్రులు ఆ అక్షరాన్ని చూసి సీటు కోసం ఆరాటపడటమూ, వదులుకోవడమూ రెండూ నిరాధారమైనవే.

4. దీర్ఘకాలిక అధ్యయనాలు

పూర్వప్రాథమిక విద్య ప్రయోజనాల చర్చలో మిచిగాన్ రాష్ట్రంలోని ఇప్సిలాంటిలో 1962లో మొదలైన పెర్రీ ప్రీస్కూల్ ప్రయోగం తప్పక ప్రస్తావనకు వస్తుంది. అందులో పాల్గొన్నవారు 123 మంది నిరుపేద నల్లజాతి పిల్లలు. దాని ఫలితాలు విశేషమైనవే అయినా నేటి శివారు డిస్ట్రిక్టుకు వాటిని యథాతథంగా అన్వయించడం కుదరదు. ఇటీవలి రెండు అధ్యయనాలు ఈ చర్చకు మరింత ఉపకరిస్తాయి.

మొదటిది టెనెసీ రాష్ట్రానిది. సీట్ల కంటే దరఖాస్తులు ఎక్కువగా ఉన్న బడులలో లాటరీ ద్వారా ప్రవేశం పొందిన, పొందని 2,990 మంది అల్పాదాయ కుటుంబాల పిల్లలను వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏళ్ల తరబడి అనుసరించారు. ఆ తరగతి ముగిసేనాటికి ప్రవేశం పొందిన పిల్లలు ముందంజలో ఉన్నారు. ఆరవ తరగతికి వచ్చేసరికి వారే రాష్ట్ర పరీక్షలలో వెనుకబడ్డారని, క్రమశిక్షణ సమస్యలు కూడా వారిలోనే ఎక్కువగా నమోదయ్యాయని 2022లో ప్రచురితమైన వ్యాసం వెల్లడించింది. జాతీయస్థాయిలో ఆదర్శంగా భావించే ప్రమాణాలలో అధికభాగాన్ని కాగితం మీద నెరవేర్చిన పథకమిది.

రెండవది బోస్టన్ నగరానిది. 1997 నుంచి 2003 వరకు అక్కడి ప్రభుత్వ ప్రీస్కూలుకు దరఖాస్తు చేసిన 4,000 మందికి పైగా పిల్లల భవిష్యత్తును గ్రే-లోబ్, పరాగ్ పాఠక్, వాల్టర్స్ అనే ఆర్థికశాస్త్రవేత్తలు లాటరీ ఆధారంగానే పరిశీలించారు. ప్రీస్కూలులో చదివినవారు పాఠశాల విద్య ముగిసిన వెంటనే కళాశాలలో చేరే అవకాశం 8 శాతం పాయింట్లు పెరిగింది. క్రమశిక్షణ చర్యలు తగ్గాయి. అయితే రాష్ట్ర పరీక్షల మార్కులలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు.

ఈ రెండింటినీ కలిపి చదివినప్పుడే అసలు విషయం బోధపడుతుంది. నిబంధనలన్నీ నెరవేర్చినంత మాత్రాన మంచి తరగతి ఏర్పడదని టెనెసీ చెబుతోంది. మంచి తరగతి ప్రభావం పరీక్ష మార్కులలో కనిపించకుండానే జీవితంలో కనిపించవచ్చునని బోస్టన్ చెబుతోంది. మార్కుల మీద నిర్మించిన గ్రేడుతో ప్రీస్కూళ్లను పోల్చడంలోని లోపం ఇంతకంటే స్పష్టంగా వెల్లడి కావడం కష్టం.

5. తరగతి గది లోపల

మరి దేనిని పోల్చాలి? పరిశోధకులు విరివిగా వాడే 'క్లాస్' అనే పరిశీలనా పద్ధతి ఇందుకు దారి చూపుతుంది. శిక్షణ పొందిన పరిశీలకులు గదిలో కూర్చుని ఉపాధ్యాయురాలికి, పిల్లలకు మధ్య జరిగే వ్యవహారాన్ని గమనించి 1 నుంచి 7 వరకు అంకెలు వేస్తారు. భావోద్వేగపరమైన ఆసరా, తరగతి నిర్వహణ, బోధనాపరమైన ఆసరా అని ఇందులో మూడు విభాగాలున్నాయి. అమెరికా ప్రీస్కూళ్లలో మొదటి రెండు విభాగాలలో సగటు అంకెలు బాగానే ఉంటాయి. మూడవ విభాగంలో మాత్రం సగటు 2, 3 దగ్గరే ఆగిపోవడం పలు అధ్యయనాలలో పదేపదే కనిపించిన విషయం. పిల్లలను ప్రేమగా చూసుకునే గదులు చాలా ఉన్నాయి. వారిని ఆలోచింపజేసే గదులు తక్కువ.

బోధనాపరమైన ఆసరా అంటే పుస్తకాల బరువు కాదు. "ఇదేం రంగు?" అన్న ప్రశ్నకు "ఎరుపు" అన్న జవాబుతో సంభాషణ ముగిసిపోతుంది. "ఈ బొమ్మ నీళ్లలో ఎందుకు మునిగింది?" అన్న ప్రశ్నతో సంభాషణ మొదలవుతుంది. పిల్లవాడు అరకొరగా చెప్పినదాన్ని ఉపాధ్యాయురాలు అందుకుని, ఒక మాట చేర్చి, తిరిగి అతనికే అప్పగిస్తుంది. ఇటువంటి మాటలు ఒక పూటలో ఎన్ని దొర్లుతున్నాయన్నదే ప్రధానం. పైగా ఈ కొలత గదికి చెందినది, బడికి కాదు. ఒకే వరండాలో ఎదురెదురుగా ఉన్న రెండు గదుల మధ్య తేడా రెండు బడుల మధ్య తేడాను మించిపోవచ్చు.

సంఖ్యలకు ప్రాధాన్యం లేదని దీని అర్థం కాదు. టెక్సస్‌లో 2021 చట్టసవరణ తరువాత పూర్వప్రాథమిక తరగతికి 22 మంది పరిమితి ఏర్పడింది. ప్రతి 11 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయురాలు లేదా సహాయకురాలు ఉండేలా ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. ఇక్కడ 'ప్రయత్నించాలి' అన్న క్రియ మీద దృష్టి నిలపాలి. అది కచ్చితమైన నిబంధన కాదు. జాతీయ స్థాయిలో ఏటా ఈ పథకాలను సమీక్షించే రట్గర్స్ విశ్వవిద్యాలయ సంస్థ సూచించే ప్రమాణం తరగతికి 20 మంది, ఒక్కొక్క పెద్దకు 10 మంది. 20కి, 22కి నడుమ తేడా స్వల్పమే. సహాయకురాలు రోజంతా గదిలో ఉంటుందా, భోజనశాలకో ఆఫీసు పనికో తరచు వెళుతుందా అన్నది అంతకంటే పెద్ద తేడా. బడి సందర్శన సమయంలో అడగదగిన ప్రశ్న ఇది.

కాలవ్యవధి మరొక అంశం. 2019లో ఆమోదించిన హౌస్ బిల్ 3 ప్రకారం అర్హులైన నాలుగేళ్ల పిల్లలకు, ప్రత్యేక మినహాయింపు పొందితే తప్ప, పూర్తిరోజు తరగతి నడపాలి. పూర్తిరోజు అంటే సంవత్సరానికి 75,600 నిమిషాలు, సగంరోజు అంటే 32,400 నిమిషాలు. గంటలలో చూస్తే 1,260కి, 540కి ఉన్నంత అంతరం. మూడేళ్ల పిల్లలకు పూర్తిరోజు నియమం లేదు. రవాణా సౌకర్యం కల్పించాలన్న నిర్బంధం కూడా డిస్ట్రిక్టుల మీద లేదు. ఉద్యోగాలు చేసే దంపతులకు బడి నాణ్యత కంటే మధ్యాహ్నం పదకొండున్నరకు పిల్లవాణ్ని ఎవరు తీసుకురావాలన్న ప్రశ్నే ముందు నిలుస్తుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మో నాయనమ్మో ఇంట్లో ఉన్న ఆరు నెలలలో సాధ్యమైన ఏర్పాటు ఆ తరువాత సాధ్యం కాదు.

6. తెలుగు చిన్నారి, ఇంగ్లీషు కొలబద్ద

తొలిసారి బడిలో చేర్చేటప్పుడు ఇంటిభాష వివరాల పత్రాన్ని తల్లిదండ్రులు నింపాలి. ఇంట్లో వాడే భాష, పిల్లవాడు మాట్లాడే భాష ఏవని అందులో అడుగుతారు. ఇంగ్లీషు కాక మరో భాష రాస్తే పిల్లవాడికి మౌఖిక పరీక్ష పెట్టి, ఒక సంఘం ఫలితాన్ని నిర్ధారిస్తుంది. ఈ పత్రం విద్యార్థి దస్త్రంలో భద్రపడుతుంది. ఇంగ్లీషు నేర్చుకుంటున్న విద్యార్థిగా గుర్తించిన పిల్లవాడు కిండర్‌గార్టెన్ నుంచి ఆ గుర్తింపు తొలగేదాకా ఏటా భాషా పరీక్ష రాస్తాడు. 'తెలుగు' అని రాస్తే పిల్లవాడి మీద ఒక ముద్ర పడుతుందన్న శంక ఇక్కడే పుడుతుంది. కాని ఆ గుర్తింపు శిక్ష కాదు, అదనపు భాషాబోధన పొందే హక్కు. ఆ బోధనను తల్లిదండ్రుల అంగీకారం లేనిదే కొనసాగించరు.

ఒకే భాషకు చెందిన ఇటువంటి విద్యార్థులు ఒక తరగతిస్థాయిలో డిస్ట్రిక్టు మొత్తం మీద 20 మందికి తగ్గకుండా ఉంటే ద్విభాషా బోధన ఏర్పాటు చేయాలని టెక్సస్ చట్టం చెబుతుంది. చట్టం స్పానిష్‌నూ తెలుగునూ వేరుగా చూడదు. అర్హత పత్రం గల ఉపాధ్యాయులు దొరకనప్పుడు డిస్ట్రిక్టు రాష్ట్రం నుంచి మినహాయింపు కోరి, ఇంగ్లీషును రెండవ భాషగా నేర్పే పద్ధతిని అనుసరించవచ్చు. తెలుగు పిల్లల విషయంలో సాధారణంగా జరుగుతున్నది ఇదే. హక్కు ఉంది, దాన్ని నెరవేర్చే ఉపాధ్యాయులు లేరు. ఇంటిభాష పత్రంలో తెలుగును దాచిన ప్రతి కుటుంబమూ ఆ 20 అనే లెక్కను మరికొంత దూరం జరుపుతోంది.

అంచనాల విషయానికి వస్తే, సంవత్సరారంభంలోను చివరిలోను పిల్లల ప్రగతిని రాష్ట్రం ఆమోదించిన సాధనాలతో కొలవాలి. విరివిగా వాడుకలో ఉన్న 'సర్కిల్' సాధనం ఇంగ్లీషు, స్పానిష్ భాషలలో లభిస్తుంది, తెలుగులో లేదు. ఇరవై దాకా తడుముకోకుండా లెక్కపెట్టి, వంకాయకూ బెండకాయకూ తేడా చెప్పి, కథలో కాకి తరువాత ఏం చేసిందో వివరించగల నాలుగేళ్ల పిల్ల సెప్టెంబరులో ఈ సాధనం ముందు మౌనంగా ఉండిపోతుంది. ఆమెకు లేనిది ఇంగ్లీషు మాత్రమే. కాగితం మీద మాత్రం అది తెలివి లేనట్టు నమోదవుతుంది. మే నెలకల్లా ఆమెకు ఇంగ్లీషు కొంత పట్టుబడుతుంది. ఎప్పుడో వచ్చిన లెక్కలు అప్పుడే నేర్చినట్టుగా బయటపడతాయి. బడి సాధించిన ప్రగతి రేఖ నిటారుగా లేస్తుంది. అంటే తెలుగు పిల్లలు ఎక్కువగా ఉన్న గది ఆరంభంలో ఉన్నదానికంటే బలహీనంగా, చివరిలో చేసినదానికంటే ఘనంగా కనిపించే ప్రమాదం ఉంది. డిస్ట్రిక్టులోని బడులను ఈ అంకెలతో పోల్చేవారు పిల్లల ఇంటిభాషలను కూడా పక్కన రాసుకోవలసి ఉంటుంది.

రెండు భాషలు పిల్లలను అయోమయానికి గురిచేస్తాయన్న అభిప్రాయం తల్లిదండ్రులలోనూ, అప్పుడప్పుడు ఉపాధ్యాయులలోనూ వినిపిస్తుంది. అమెరికా జాతీయ అకాడెమీలు 2017లో వెలువరించిన విస్తృత నివేదిక ఈ భయానికి ఆధారం లేదని తేల్చింది. ఇంటిభాషలో గట్టి పునాది ఇంగ్లీషు అభ్యసనకు తోడ్పడుతుందని కూడా అది పేర్కొంది. కనుక బడిని సందర్శించినప్పుడు "ఇంట్లో పిల్లవాడితో ఏ భాషలో మాట్లాడమంటారు?" అని అడిగి చూడవచ్చు. "మీకు బాగా వచ్చిన భాషలోనే మాట్లాడండి, కథలు చెప్పండి" అన్న జవాబు ఆ గది గురించి ఏ గ్రేడూ చెప్పనిది చెబుతుంది. "ఇంగ్లీషు అలవాటు చేయండి" అన్న జవాబూ అంతే.

మాటలు ఆలస్యమైన పిల్లల విషయంలో ఈ ప్రశ్న మరింత సున్నితమవుతుంది. వైకల్యం గల 3 నుంచి 5 ఏళ్ల పిల్లలకు ఉచిత ప్రత్యేక విద్య అందించడం సమాఖ్య చట్టం ప్రకారం డిస్ట్రిక్టు బాధ్యత. దీనికి ఆదాయపు అర్హతతో పనిలేదు. కొన్ని బడులు ఈ పిల్లలను సాధారణ తరగతిలోనే తోటి పిల్లలతో కలిపి కూర్చోబెడతాయి, కొన్ని వేరే గది కేటాయిస్తాయి. ఒకే డిస్ట్రిక్టులో రెండు ఏర్పాట్లూ ఉండవచ్చు. వీలైనంతవరకు తోటివారితో కలిపి చదివించాలన్నదే చట్టం ఆశయం. పిల్లవాడు మాట్లాడకపోవడానికి కారణం వైకల్యమా, లేక కొత్త భాష ముందు కలిగిన మౌనమా అన్నది తేలడానికి, బొత్తిగా సాధ్యం కాని సందర్భంలో తప్ప, ఇంటిభాషలోనే పరీక్షించాలని అదే చట్టం ఆదేశిస్తుంది. తల్లిదండ్రులు లిఖితపూర్వకంగా కోరితే 15 బడి దినాలలో డిస్ట్రిక్టు స్పందించాలి. వారు అంగీకార పత్రం మీద సంతకం చేసిన తరువాత సాధారణంగా 45 బడి దినాలలో నివేదిక పూర్తి కావాలి. ఆ పరీక్షకు తెలుగు తెలిసిన నిపుణులను గాని, దుబాసీని గాని ఏర్పాటు చేయమని మొదటి లేఖలోనే రాయడం మంచిది.